రాయి కొనే ముందు కత్తిని చూడండి

టేబుల్ మీద ఎడమ పక్కన పెట్టినవి పదును పెట్టిన గడ్డం కత్తులు, వాటి జోలికి వెళ్లకండి. కుడి పక్కవి మొండివి, తీసి చూసుకోవచ్చు. రాళ్లు ఎంతసేపైనా పట్టుకోండి, గోటితో గీకండి, వాసన చూడండి, కానీ ఆ పసుపు రాయిని మాత్రం రెండు చేతులతో పట్టుకోండి. దాని ఖరీదు మా ఇంట్లో ఇంకా సరిగ్గా చెప్పలేదు.

నన్ను పిలిచినవాళ్లు "సహజంగా దొరికే సానరాళ్ల గురించి మాట్లాడండి, ఏ రాయి కొనాలో కూడా చెప్పండి" అన్నారు. చెప్తాను. కాకపోతే మీరు అనుకుని వచ్చినదానికంటే రాయి గురించి కొంచెం తక్కువ, కత్తి గురించి కొంచెం ఎక్కువ వింటారు. ఎందుకంటే "రాయి బాగాలేదండీ, కత్తి తెగట్లేదు" అంటూ నా దగ్గరకి వచ్చేవాళ్లలో చాలామందికి రాయి బ్రహ్మాండంగా ఉంటుంది. కత్తికి బెవెల్, అంటే పదును అంచు వెంబడి రెండు పక్కలా రాయి చెక్కే సన్నటి వాలు, పడి ఉండదు. వాళ్లు ఆ రాయి అమ్మేసి ఇంకా ఖరీదైన రాయి కొంటారు, దాని మీదా తెగదు, అప్పుడు ఈసారి జపాన్ రాయి అంటారు. ఈ జబ్బుకి మందు రాళ్ల అంగట్లో దొరకదు.

మన ఊళ్లలో ఈ కత్తి కొత్తదేం కాదు. నాయీ బ్రాహ్మణుల పొదిలో కత్తి, కత్తెర, గోరుగల్లు, చిన్న గిన్నె, అద్దం, వాటితో పాటు అరచేతిలో ఇమిడే సానరాయి ఉండేవి. సెలూన్లు వచ్చాక కుర్చీ పక్కన తోలుపట్టా వేలాడేది. రాయి మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి కత్తిని అటూ ఇటూ లాగి, పట్టాకి రాసి, చివర్లో అరచేతికి రెండుసార్లు రాసుకుని అప్పుడు గడ్డం మీద పెట్టేవారు, యాభై దాటినవాళ్లకి ఆ చప్పుడు గుర్తుండే ఉంటుంది. 1986లో చెన్నైలో మన దేశంలో మొదటి హెచ్‌ఐవీ కేసులు బయటపడ్డాయి, ఆ తర్వాత తొంభైల్లో ఆ భయం ఊరూరా పాకింది, ఒకే కత్తితో పదిమందికి గీసే పద్ధతి పోయి బ్లేడుని సగానికి విరిచి పెట్టుకునే కత్తి వచ్చేసింది. మంచి మార్పే, ఇందులో నాకు రెండో మాట లేదు. కాబట్టి ఇవాళ నేను చెప్పేదంతా మీ కత్తి, మీ గడ్డం వరకే. అన్నదమ్ములైనా సరే కత్తి పంచుకోకండి.

సరే, కత్తి. వంటింటి కత్తి సాన పట్టేటప్పుడు కోణం మన చేతిలో ఉంటుంది, మణికట్టు కాస్త కదిలితే కోణం మారిపోతుంది, అందుకే అందరికీ అంత టెన్షన్. గడ్డం కత్తికి ఆ బాధ లేదు. వెన్నునీ వాదరనీ రెండింటినీ రాయికి ఆనించి పెట్టడమే, కోణం ఎంతో తయారుచేసినవాడు ముందే నిర్ణయించేశాడు. వెన్ను మందం 4.5 మిల్లీమీటర్లు, వెన్ను నుంచి వాదర దాకా వెడల్పు 16 మిల్లీమీటర్లు అనుకోండి, వాదర దగ్గర రెండు పక్కలూ కలిసే కోణం సుమారు 16 డిగ్రీలు వస్తుంది. వంటింటి కత్తికి అది 30 దాకా ఉంటుంది. ఇంకో తెలివైన ఏర్పాటు చూడండి: నూరిన ప్రతిసారీ వాదరతో పాటు వెన్ను కూడా కాస్త అరుగుతుంది, అందువల్ల ఏళ్ల తరబడి నూరినా కోణం పెద్దగా మారదు. వెన్ను అరిగి చదునైపోతుంటే చూడ్డానికి బాగుండదని కొందరు దాని మీద కరెంటు పని టేపు ఒక వరస వేస్తారు. తప్పేం లేదు, కోణం ఒక డిగ్రీ అటూ ఇటూగా పెరుగుతుంది అంతే. కానీ ఒకసారి టేపుతో నూరితే తర్వాతసారీ టేపుతోనే నూరాలి, లేకపోతే వాదర రాయికి తగలదు, బెవెల్ వెనక భాగం మాత్రమే తగులుతూ ఉంటుంది, మీరు గంటసేపు నూరి ఏమీ జరగలేదని కూర్చుంటారు.

బెవెల్ అంటే ఏమిటో వెనకవాళ్లకి కూడా చెప్తాను. కత్తిని దీపం కింద తిప్పితే వాదర వెంబడి రెండు పక్కలా వెంట్రుకంత సన్నగా ఒక గీత మెరుస్తుంది. రాయి తాకిన చోటు అది. ఈ పక్క గీత, ఆ పక్క గీత చివర్లో నిజంగా కలిశాయా లేదా అన్నదే మొత్తం కథ. కలవకపోతే మధ్యలో కంటికి కనపడని చదును ఉంటుంది, ఆ చదునుని ఎంత నున్నటి రాయి మీద రుద్దినా నున్నటి చదునే అవుతుంది కానీ పదును కాదు. ఇది తెలుసుకోడానికి రెండు పనులు చేయండి. బెవెల్ మీద స్కెచ్ పెన్నుతో రంగు పూసి, రాయి మీద ఒక్కసారి తేలిగ్గా లాగి, కంసాలులు వాడే భూతద్దంతో చూడండి. వాదర అంచు దాకా రంగు పోయిందా, ఎక్కడైనా మిగిలిందా తెలిసిపోతుంది. రెండోది, ముంజేతి మీద వెంట్రుకలు. మడమ (పిడి వైపు చివర) దగ్గర నుంచి మొన దాకా, కత్తిలో ప్రతి భాగమూ విడివిడిగా వెంట్రుకల్ని చర్మం దగ్గర తీసేయాలి. మధ్యలో తీసి మొన దగ్గర తీయకపోతే మొన దగ్గర బెవెల్ పడనట్టే. ఇది పాస్ కాకుండా తర్వాతి మెట్టుకి వెళ్లకండి, దయచేసి.

పాత కత్తి కొనేవాళ్లకి ఒక మాట. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్, జర్మనీలో జోలింగెన్, ఈ రెండు ఊళ్ల పేర్లున్న పాత కత్తులు ఇప్పటికీ బాగానే దొరుకుతాయి. షెఫీల్డ్ పాతవి ఎక్కువగా దిట్టంగా, చీలలా ఉంటాయి. జోలింగెన్‌వి రెండు పక్కలా లోపలికి తవ్వేసి పలచగా ఉంటాయి, గోటితో మీటితే కంచు మోగినట్టు మోగుతాయి. పేరు చూసి పడిపోకండి. తుప్పు వాదర దాకా వచ్చిందా, ఎక్కడైనా పగులుందా, వెన్ను ఒక పక్క ఎక్కువ అరిగిందా చూడండి. వాదర మధ్యలో లోపలికి వంగి ఉంటే, అంటే రెండు చివర్లూ ముందుకీ మధ్య భాగం వెనక్కీ ఉంటే, అది తక్కువ ధరకే వచ్చినా వదిలేయండి. దాన్ని సరిచేయాలంటే చాలా ఉక్కు అరగదీయాలి. మొదటి కత్తికి ఆ శిక్ష అక్కర్లేదు.

ఇప్పుడు రాళ్లు. ఆ పసుపు రాయి పేరు కోటిక్యూల్. బెల్జియంలో ఆర్డెన్ కొండల్లో, వియెల్‌సాల్మ్, లియెర్నూ అనే ఊళ్ల చుట్టుపక్కల నుంచి వస్తుంది. సుమారు 48 కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు మట్టి, తర్వాత భూమి లోపలి ఒత్తిడికీ వేడికీ గురై రాయి అయింది. ఊదా రంగు పలక రాయి మధ్య ఇది సన్నటి పసుపు పొరలుగా ఉంటుంది, కొన్ని పొరలు వేలెడు మందం కూడా ఉండవు, పైగా కొండలు ముడుచుకున్నప్పుడు ఈ పొరలూ మడతలు పడి నిట్టనిలువుగా లేచిపోయాయి. కాబట్టి ఒక్కో రాయి కోసం ఎంత చెత్త రాయి తవ్వాలో ఆలోచించండి, అందుకే ఆ ఖరీదు. పసుపు రాయి తనంతట తాను పెళుసు, అందుకని కింద పలక రాయి అతికించి అమ్ముతారు. కొన్నిసార్లు భూమిలోనే అతుక్కుని వచ్చిన జంట కూడా దొరుకుతుంది. సాల్మ్‌షాటోలో ఈ రాయికి ఒక మ్యూజియం కూడా ఉంది, ఒక సానరాయికి మ్యూజియం! మనకి ఎన్ని రాళ్లున్నాయి, ఒక్కదానికీ లేదు.

కోటిక్యూల్ లోపల ఏముందో చెప్తాను, ఎందుకంటే నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చిన సంగతి అక్కడే ఉంది. మెత్తటి అభ్రకం లాంటి ఖనిజం మధ్యలో మాంగనీసు ఉన్న గార్నెట్ స్ఫటికాలు, తెలుగులో గోమేధికం అంటారు కొందరు, నవరత్నాల్లో గోమేధికం ఆ జాతిదే లెండి, అవి లక్షల కొద్దీ పొదిగి ఉంటాయి. రాయి ఘనపరిమాణంలో మూడో వంతుకి అటూ ఇటూ ఆ స్ఫటికాలే. ఒక్కొక్కటీ ఎంత ఉంటుంది? సాధారణంగా 5 నుంచి 15 మైక్రాన్ల మధ్య, మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. ఇప్పుడు ఫ్యాక్టరీ రాళ్లతో పోల్చండి. 1000 నంబరు రాయిలో రేణువు సుమారు 12 నుంచి 15 మైక్రాన్లు, 8000 నంబరు రాయిలో 2 మైక్రాన్లకి లోపే. ఆ లెక్కన కోటిక్యూల్ 1000 నంబరు రాయికి అన్నదమ్ముడిలా గీతలు పెట్టాలి. కానీ దాని మీద చివరి పదును పెట్టి నేరుగా గడ్డం గీసుకోవచ్చు. ఎలా?

రేణువు ఎంతుందన్నది కాదు, ఉక్కులోకి ఎంత లోతుకి దిగుతుందన్నదే గీతని నిర్ణయిస్తుంది. గార్నెట్ స్ఫటికం దాదాపు గుండ్రంగా, పన్నెండు ముఖాలతో ఉంటుంది, దాని మూలలు మొద్దుగా, విశాలంగా ఉంటాయి. ఫ్యాక్టరీ రేణువు పగలగొట్టి చేసినది, కోసుగా ఉంటుంది. ఇంకా, కోటిక్యూల్‌లో ఆ స్ఫటికం మెత్తటి అభ్రకంలో కూరుకుపోయి, దాని పైభాగం కొద్దిగా మాత్రమే బయటికి ఉంటుంది. అది ఉక్కుని తాకుతుంది కానీ లోతుగా దున్నదు. అందుకే సహజమైన రాయికి "ఇది 12000 నంబరుతో సమానం" అని ఎవరైనా రాసి అమ్మితే నాకు నవ్వొస్తుంది. జల్లెడ పట్టి చేసిన రాయికి నంబరు ఉంటుంది. కొండలో పుట్టినదానికి ఎక్కడిది? అదే రాయి నీళ్లతో ఒకలా, తన మీద నుంచి అరిగిన బురదతో ఇంకోలా, ఒత్తిడి పెంచితే మరోలా పని చేస్తుంది. ఆ నంబరు కొనేవాడి ధైర్యం కోసం రాసేది.

మిగతా రాళ్లు గబగబా చెప్పేస్తాను. కోటిక్యూల్ పక్కనే దొరికే ఊదా నీలం రాయిని బెల్జియన్ బ్లూ అంటారు, ఇనుప ఆక్సైడు వల్ల ఆ రంగు, గార్నెట్లు తక్కువ, ధరా తక్కువ. నెమ్మదిగా కోస్తుంది. జర్మనీలో తురింజియా రాళ్లు, సోనెబెర్గ్‌లో ఎషర్ అనే కంపెనీ పేరుతో అమ్మినవి, చాలా నున్నటి పలక రాళ్లు, మంగలి షాపుల్లో వాటికి మహా పేరు. ఇప్పుడు పాతవే దొరుకుతాయి, లేబుల్ చెక్కుచెదరకుండా ఉంటే రాయి కంటే లేబుల్‌కి ఎక్కువ ధర పలుకుతుంది, ఇది మాత్రం నాకు ఎప్పటికీ అర్థం కాదు, లేబుల్‌తో ఎవరైనా గడ్డం గీసుకుంటారా? అమెరికాలో ఆర్కాన్సా రాయి, ఇంచుమించు మొత్తం సిలికానే, చాలా గట్టిది, నూనెతో వాడతారు. జపాన్‌లో క్యోటో పక్క కొండల్లో నరుతకి, నకయమ అనే చోట్ల తవ్విన రాళ్లు, సముద్రపు అడుగున సూక్ష్మజీవుల సిలికా పెంకులూ సన్నటి మట్టీ పేరుకుని తయారైనవి, ఇప్పుడు గనులు చాలావరకు మూతపడ్డాయి, ధరలు బంగారం కొట్టు దగ్గర ఉన్నాయి. అసలు ఈ రాళ్ల వ్యాపారం కూలిపోయింది ఎందుకంటే జిలెట్ వల్ల. 1903లో, అమ్మకం మొదలైన ఏడాది, 51 రేజర్లు, 168 బ్లేడ్లు అమ్మారు. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం లక్షల మంది సైనికుల చేతిలో సేఫ్టీ రేజర్ పెట్టింది. వాళ్లు ఇంటికొచ్చాక మళ్లీ రాయి ముట్టుకోలేదు. బ్లేడు పారేసే మనిషికి సానరాయితో పనేముంది?

(ముందు వరసలో ఒకరు: "మన కడప రాయి పనికిరాదా అండీ?")

ఈ ప్రశ్న ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, మంచి ప్రశ్న. మా ఇళ్లలోనూ నాపరాయి గట్టు మీద కత్తిపీట నూరేవాళ్లు. కడప రాయి, తాండూరు రాయి, రెండూ సున్నపురాళ్లు. సున్నపురాయిలో ముఖ్యంగా ఉండేది కాల్సైట్, గట్టిదనం కొలిచే మోస్ కొలబద్ద మీద అది 3. గడ్డం కత్తి ఉక్కు 6 దాటి ఉంటుంది. మెత్తది గట్టిదాన్ని కోయదు కదా. మరి కత్తిపీట ఎలా తెగుతోంది అంటారా, ఆ రాయిలో అక్కడక్కడా ఇరుక్కున్న ఇసుక రేణువుల వల్ల. అవి ఒక సైజులో ఉండవు, ఒక చోట దట్టంగా ఒక చోట అసలు లేకుండా ఉంటాయి. వంకాయ తరగడానికి చాలు, బుగ్గకి చాలదు.

మార్కాపురం పలకలు వేరే సంగతి. చిన్నప్పుడు మనం రాసుకున్న పలకలు, మార్కాపురం చుట్టుపక్కల తవ్వినవి. రాతి జాతి చూస్తే అవి తురింజియా రాళ్లకి దగ్గర చుట్టాలు, అవీ పలక రాళ్లే, వీటిలోనూ సన్నటి క్వార్ట్జ్, అభ్రకం ఉంటాయి. తేడా ఎక్కడంటే, తురింజియాలో సానరాయికి పనికొచ్చే పొర ఏదో తెలుసుకుని, ఏరి, పనికిరానిది పారేసేవాళ్లు. ఇక్కడ రాయడానికీ ఇంటి గోడకీ పనికొచ్చేలా ఏరారు. మీ ఇంట్లో పాత పలక ఉంటే ఖర్చు లేని ప్రయోగం చేయండి. తడి గరుకు కాగితం మీద చదును చేసి, దాని బురద కొద్దిగా తీసి, ఏదైనా పాత కత్తెర మెరిసే భాగం మీద రుద్ది భూతద్దంతో చూడండి. అంతటా ఒకేలా మసకగా ఉంటే ఆశ ఉంది. మధ్యమధ్య ఒంటరిగా లోతైన గీతలు కనిపిస్తే లోపల ఎక్కడో గట్టి గింజ ఉంది, దాన్ని గోడకి వదిలేయండి. పలక మందం తక్కువ కాబట్టి చదునైన చెక్కకి అతికించుకోండి, లేకపోతే నూరేటప్పుడు వంగుతుంది.

సరే, అసలు పనికి వద్దాం, కెమెరా కాస్త దగ్గరకి తెస్తారా. ఇది కోటిక్యూల్, పొడవు 15 సెంటీమీటర్లు, వెడల్పు 5. ముందు చదును. పెన్సిలుతో గళ్లు గీశాను, గాజుపలక మీద 400 నంబరు తడి గరుకు కాగితం, దాని మీద రాయి బోర్లించి నీళ్లతో తిప్పుతున్నాను. గళ్లన్నీ ఒకేసారి చెరిగిపోవాలి, ఒక మూల మిగిలితే ఆ మూల పల్లం. అంచులు కూడా నాలుగు వైపులా కొంచెం గుండ్రం చేసుకోండి, కోసుగా ఉన్న అంచుకి కత్తి తగిలితే వాదర చిట్లుతుంది.

ఇప్పుడు నీళ్లు చల్లి, ఈ చిన్న ముక్కతో, ఇదీ అదే రాయి ముక్కే, పెద్ద రాయి మీద రుద్దుతున్నాను. సాన మీద గంధం తీసినట్టే, చెయ్యి అంతే తేలిగ్గా తిరగాలి. చూడండి, తెల్లటి గంధం లేస్తోంది. ఈ గంధంలో విడిపోయిన గార్నెట్లు ఉన్నాయి, అవి రాయిలో కూరుకుపోయి లేవు, స్వేచ్ఛగా దొర్లుతున్నాయి, కాబట్టి బాగా వేగంగా కోస్తాయి. బెవెల్ ఇప్పటికే పడిన కత్తికి ఇంత చిక్కదనం చాలు. అసలు బెవెల్ లేని కత్తి అయితే ఇంకా చిక్కగా తీసి చాలాసేపు నూరాలి, నన్నడిగితే ఆ ఒక్క పనికి 1000 నంబరు ఫ్యాక్టరీ రాయి వాడేయండి, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. సహజం సహజం అని ఆ పని కూడా కోటిక్యూల్ మీదే చేసేవాళ్లున్నారు, వాళ్లకి తీరిక ఉంది.

కత్తి ఎలా పట్టుకున్నానో చూడండి. వాదరకీ పిడికీ మధ్య ఈ మెడ ఉంది కదా, దాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకున్నాను, పిడి మిగతా వేళ్లలో ఊరికే పడి ఉంది. నొక్కడం లేదు. వాదర ముందుకి, మడమ దగ్గర మొదలుపెట్టి, కత్తిని ముందుకి తోస్తూ పక్కకి జరుపుతూ మొన దగ్గర ఆపుతున్నాను, కాబట్టి రాయి వెడల్పు తక్కువైనా వాదర మొత్తం తగులుతుంది. చివర్లో తిప్పేటప్పుడు వెన్ను రాయి మీదే ఉంచి, వాదరని పైకి లేపి వెన్ను మీద దొర్లించాలి. వాదర మీద దొర్లించారా, ఇంతసేపు చేసినదంతా గంగలో కలిసినట్టే. చాలామంది తొందరలో చేసే పని ఇదే.

గంధం కాస్త నల్లబడుతోంది, చూశారా, అది కత్తి నుంచి వచ్చిన ఉక్కు. ఇక్కడో చిక్కు ఉంది. ఈ గంధం వేగంగా కోస్తుంది కానీ దాంతో వచ్చే పదునుకి ఒక హద్దు ఉంటుంది. కత్తి వాదర ముందుకి వెళ్తున్నప్పుడు ఎదురుగా ఉన్న ఈ గింజల్ని ఢీకొంటోంది, ఒక పక్క బెవెల్ కోసుకుపోతుంటే ఇంకో పక్క అంచు మొద్దుబారుతోంది, ఒక దశలో రెండూ సమానమై అక్కడే ఆగిపోతుంది. ఇంకో గంట నూరినా అంతే. అప్పుడు చేయాల్సింది నూరడం కాదు, పలచన చేయడం. వేలితో రెండు చుక్కల నీళ్లు, ఇరవై ముప్పై స్ట్రోకులు. మళ్లీ రెండు చుక్కలు. గింజల సంఖ్య తగ్గేకొద్దీ అంచుకి తగిలే దెబ్బలు తగ్గుతాయి, పదును ఒక్కో మెట్టూ ఎక్కుతుంది. చివరికి రాయి కడిగేసి, కుళాయి కింద సన్నటి ధార పెట్టుకుని, కత్తి బరువు తప్ప ఇంకేం బరువు లేకుండా యాభై స్ట్రోకులు. ఈ దశలో ఒక గుర్తు ఉంటుంది: కత్తి రాయికి అంటుకుంటున్నట్టు లాగుతుంది, వాదర ముందున్న నీళ్లు ఒరుసుకుని కత్తి పైకి ఎక్కుతాయి. ఒక్క రాయితో మొత్తం మెట్లన్నీ ఎక్కడం అంటే ఇదే, నాలుగు రాళ్లు అక్కర్లేదు.

ఇది మొదటిసారికే రాదు. ఎందుకంటే ఏ రెండు కోటిక్యూల్‌లూ ఒకలా ఉండవు, ఒకటి నీళ్లు తగలగానే తనంతట తనే గంధం వదులుతుంది, దాంతో చివరి మెట్టు కష్టం. ఇంకొకటి గాజులా ఉంటుంది, దాంతో మొదటి మెట్టు కష్టం. మీ రాయి ఏ రకమో మీరే తెలుసుకోవాలి. 'మంగలి పాత, చాకలి కొత్త' అని మనవాళ్లు అన్నది ఊరికే కాదు. రాయి మార్చే ప్రతిసారీ మీరు మళ్లీ కొత్త మంగలి అవుతారు. ఇందాక రాళ్ల మీద రాళ్లు కొనేవాళ్ల గురించి చెప్పాను కదా, వాళ్ల ఇబ్బంది సరిగ్గా ఇదే.

(వెనక నుంచి: "వాదర వంపుగా ఉన్న కత్తికి ఎలా?")

వాదర బయటికి వంపు తిరిగి ఉంటే, నవ్వుతున్నట్టు, అది మంచి కత్తే, అదేం లోపం కాదు. మొత్తం వాదర ఒకేసారి రాయికి ఆనదు కాబట్టి తోసేటప్పుడు మడమ దగ్గర నుంచి మొన వైపు బరువు నెమ్మదిగా జరగాలి, చెయ్యి కొద్దిగా దొర్లాలి. స్కెచ్ పెన్ను పరీక్ష ఇక్కడ బాగా పనికొస్తుంది. సన్నటి రాయి అయితే ఇంకా తేలిక, ఇలాంటి కత్తులకి వెడల్పు రాయి శత్రువు.

రాయి తర్వాత తోలుపట్టా. ముందు గుడ్డ పక్కన ఇరవై, తర్వాత తోలు పక్కన యాభై. ఇక్కడ దిశ తిరగబడుతుంది, వెన్ను ముందు నడవాలి, వాదర వెనక రావాలి. పట్టాని బిగించి పట్టుకోండి, వదులుగా ఉంటే తోలు వాదర చుట్టూ వంగి దాన్ని గుండ్రం చేసేస్తుంది. నెమ్మదిగా చేయండి, సినిమాల్లో చూపించే ఆ టపటపా వేగం అక్కర్లేదు, తోలు కోసుకోవడం తప్ప దాంతో లాభం లేదు. పట్టా రోజూ వాడాలి, రాయి మాత్రం కొన్ని నెలలకొకసారి చాలు, గడ్డం గట్టిగా ఉన్నవాళ్లకి కాస్త ముందుగా.

అసలు వెంట్రుక లాంటి మెత్తది ఉక్కుని ఎలా మొద్దుబారుస్తుంది అని మీకెప్పుడైనా అనిపించిందా? అమెరికాలో ఎంఐటీ పరిశోధకులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లోపలే గడ్డం వెంట్రుకల్ని బ్లేడుతో కోసి చూశారు, 2020లో సైన్స్ పత్రికలో వచ్చింది. వెంట్రుక ఉక్కు కంటే యాభై రెట్లు మెత్తన. అయినా ఉక్కు చిట్లింది. నెమ్మదిగా అరిగిపోవడం వల్ల కాదు, వెంట్రుక ఒక పక్కకి వంగినప్పుడు, ఉక్కు లోపలి నిర్మాణం అంతటా ఒకేలా లేని చోట, ఆ బలం ఒక పక్కనే పడి చిన్న పెచ్చు లేచిపోతోంది. మన కత్తి వాళ్లు వాడిన బ్లేడు కాదు, నిజమే. కానీ ఇది చదివాక నాకు గడ్డం తడపడం మీద ఇంకా పట్టుదల పెరిగింది. నానిన వెంట్రుక మెత్తబడుతుంది, తేలిగ్గా తెగుతుంది. స్నానం చేశాక గీసుకోండి, లేదంటే వేడి తువ్వాలు రెండు మూడు నిమిషాలు, తర్వాత బ్రష్‌తో నురగ. కత్తి చర్మానికి ముప్పై డిగ్రీల దగ్గర ఉంచండి. మొదటి వారం బుగ్గలు మాత్రమే, గడ్డం కింద, పై పెదవి మీద సేఫ్టీ రేజర్‌తో కానివ్వండి. ఎవరూ చూడరు.

ఏ రాయి కొనాలో చెప్తానన్నాను. రోజూ గీసుకుని, పెద్ద ఆలోచన లేకుండా పని అయిపోవాలనుకునేవాళ్లు 1000, 4000, 8000 ఫ్యాక్టరీ రాళ్లు కొనండి, నేర్చుకోవడం తేలిక, ఏ రెండు రాళ్లూ తేడాగా ఉండవు, ఖర్చూ తక్కువ. ఈ పనిలో సరదా ఉన్నవాళ్లు ఒక 1000, దాని పక్కన ఒక కోటిక్యూల్. దీర్ఘచతురస్రంగా కోసిన రాయే కావాలని పట్టుపట్టకండి, అడ్డదిడ్డంగా ఉన్న ముక్కలు సగం ధరకి దొరుకుతాయి, కత్తికి ఆకారంతో పని లేదు, పైభాగం చదునుగా ఉంటే చాలు. చైనా నుంచి గ్వాంగ్షీ రాయి అని ఒక నల్లటి రాయి చవకగా వస్తుంది, బాగా నెమ్మది, ఓపికుంటే చివరి మెట్టుకి పనికొస్తుంది. జపాన్ రాయి మొదటి రాయిగా కొనకండి, అందులో అసలేదో నకిలీ ఏదో తెలుసుకోవడమే ఒక చదువు, అమ్మేవాడి మాట తప్ప మీ చేతిలో ఏమీ ఉండదు.

(ఒక మహిళ: "మాది కాకినాడ, మా నాన్నగారి కత్తి ఉంది, ఎంత తుడిచినా తుప్పు పడుతోంది.")

సముద్రం పక్కన ఆ ఇబ్బంది తప్పదమ్మా, అది కార్బన్ ఉక్కు, ఉప్పు గాలి పడదు. గీసుకున్నాక కత్తిని కడిగి పొడి గుడ్డతో వెన్ను వైపు నుంచి వాదర వైపు తుడవండి, పిడి రెండు చెక్కల మధ్య నీళ్లు నిలుస్తాయి, అక్కడ టిష్యూ కాగితం దూర్చి తుడవండి, తుప్పు అక్కడే మొదలవుతుంది. తర్వాత తోలు మీద నాలుగుసార్లు లాగితే వాదర మీది తడి కూడా పోతుంది. వాడకుండా ఉంచేటట్టయితే కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క, వేలితో కాదు, దూదితో. వంటనూనె రాయకండి, కొన్నాళ్లకి జిగురు కడుతుంది. స్నానాల గదిలో పెట్టకండి, తోలు సంచిలో అసలు పెట్టకండి, తోలు తేమని పట్టుకుని కూర్చుంటుంది. ఇప్పుడున్న తుప్పు పైపైన ఉంటే నూనెలో తడిపిన 2000 నంబరు కాగితంతో వెన్ను వెంబడి రుద్దితే పోతుంది, గుంటలు పడి ఉంటే అవి వాదరకి ఎంత దూరంలో ఉన్నాయో చూడాలి. కత్తి తెచ్చారా? తెచ్చారా, అయితే ఇలా ఇవ్వండి, భూతద్దం కింద పెట్టి చూద్దాం.